క్షేత్ర పరిశోధనకు తొలి జూమ్ లెన్స్ ఎంపిక: యాలాల్ - తాండూరు ప్రాంత నేపథ్యం

1. ఉపోద్ఘాతం

క్షేత్ర పరిశోధనలో ఛాయాచిత్రానికి ఆధారపత్రంతో సమానమైన విలువ ఉంది. వికారాబాద్ జిల్లాలోని యాలాల్, తాండూరు ప్రాంతంలో నాపరాతి గనులు, కాగ్నా నదీతీరం, కంది చేలు, గ్రామదేవతల గుళ్ళు అధ్యయనానికి విస్తృతమైన సామగ్రిని అందిస్తాయి. పరిమిత ఉపకారవేతనంతో పనిచేసే పరిశోధకులు తొలి జూమ్ లెన్స్‌ను ఎంచుకోవలసిన తీరును ఈ వ్యాసం వివరిస్తుంది.

2. నాభ్యంతరం - దూరం

ఏపీఎస్-సీ కెమెరాలతో కలిపి అమ్మే 18-55 మి.మీ. లెన్సులు చాలావరకు 25 సెం.మీ. దూరం నుంచే ఫోకస్ చేస్తాయి. అందువల్ల శాసనాక్షరాలకు, పనిముట్లకు ఇవి అనుకూలం. 18 మి.మీ. వద్ద సరళరేఖలు వంగి కనిపిస్తాయి కనుక శిలాఫలకాలను 35-55 మి.మీ. మధ్య చిత్రించడం ఉచితం. 55-250 మి.మీ. లెన్స్ గోపుర శిల్పాలను, గని లోతులోని పనిని దగ్గరగా చూపుతుంది; అయితే దానికి దాదాపు 85 సెం.మీ. కనీస దూరం అవసరం.

3. వెలుతురు

చవక లెన్సులలో జూమ్ పెరిగేకొద్దీ గరిష్ఠ ఎపర్చర్ ఎఫ్/3.5 నుంచి ఎఫ్/5.6కు తగ్గుతుంది. అంటే సెన్సార్‌కు చేరే కాంతి సుమారు రెండున్నర రెట్లు తగ్గుతుంది. గర్భగుడి వంటి మసక చోట్ల ఇమేజ్ స్టెబిలైజేషన్ గల లెన్స్, ట్రైపాడ్ తప్పనిసరి.

4. ముగింపు

గనుల వద్ద లెన్స్ మార్చితే రాతిధూళి సెన్సార్‌పై చేరుతుంది. కాబట్టి ఒకే లెన్స్‌తో ఎక్కువ పని జరగడం ప్రధానం. ఈ దృష్టితో 18-55 మి.మీ. తొలి ఎంపికగా నిలుస్తుంది. పాత లెన్స్ కొనేవారు టార్చి వెలుగులో గాజు లోపల ఫంగస్ ఉందేమో పరిశీలించాలి. పరిశోధనాంశం దూరదృశ్యాలను కోరినప్పుడే రెండవ లెన్స్‌కు ఖర్చు చేయడం సమంజసం.