తీతువు కూత అపశకునమా?

ఫజ్ర్ నమాజు తర్వాత మదరసా విద్యార్థులను వెంటబెట్టుకొని అనంతగిరి చెరువు కట్టపై నడవడం మాకు ఏళ్లుగా అలవాటు. తొలి వెలుగులో నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకుంటూ ఉంటాయి. కొంగలు ఒడ్డున కదలక మెదలక నిలబడతాయి. లకుముకి పిట్ట తుమ్మకొమ్మ మీది నుంచి నీటిలోకి దూకి చేపతో పైకి లేస్తుంది. ఉదయం ఖాళీ కడుపుతో బయలుదేరి, సాయంత్రం నిండు కడుపుతో తిరిగివచ్చే పక్షులను దైవప్రవక్త (స) అల్లాహ్‌పై భరోసాకు ఉదాహరణగా చూపారు. ఆ హదీసును తరగతి గదిలో కంటే ఈ కట్టపైనే పిల్లలు సులువుగా గ్రహిస్తారు.

గత వేసవిలో ఒకనాడు, నీరు తగ్గి బయటపడిన రాళ్లనేలపై మేము నడుస్తుండగా ఒక తీతువు మా తలలపై తిరుగుతూ అరవసాగింది. ఒక బాలుడు చప్పున రాయి అందుకున్నాడు.

"ఎందుకు బేటా?" అని అడిగాము.

"అమ్మీ ఆసుపత్రిలో ఉంది హజ్రత్. ఇది కూస్తే ఇంట్లో ఎవరో ఒకరు పోతారట" అన్నాడు. గొంతు వణికింది.

మేము అతణ్ణి మందలించలేదు. చిన్నతనంలో ఆ కూత వినబడగానే మా ఇంట్లోనూ తలుపులు మూసేవారు. అతణ్ణి చేయి పట్టుకొని నాలుగడుగులు ముందుకు తీసుకువెళ్లాము. గులకరాళ్ల నడుమ, గులకరాళ్ల రంగులోనే నాలుగు గుడ్లు! తీతువు చెట్టుపై గూడు కట్టదు, నేలపైనే గుడ్లు పెడుతుంది. మండుటెండలో పొట్ట ఈకలను నీటిలో తడిపి తెచ్చి వాటిని చల్లబరుస్తుంది. ఎవరైనా దగ్గరికి వస్తే అరిచి, మీదికి దూకినట్టు బెదిరిస్తుంది. మనం చావుకబురు అనుకున్నది తన పిల్లల కోసం ఆ పక్షి పడే ఆరాటం.

అరబీలో పక్షిని 'తైర్' అంటారు. అపశకునానికి 'తియరా' అన్న పేరు దాని నుంచే వచ్చింది. అజ్ఞానకాలపు అరబ్బులు పక్షి ఎగిరిన దిక్కును బట్టి ప్రయాణాలు మానుకునేవారు. దైవప్రవక్త (స) ఆ నమ్మకాన్ని తోసిపుచ్చారు. అంతేకాదు, సహచరులు ఒక పక్షి పిల్లలను తీసుకోగా తల్లి తల్లడిల్లడం చూసి, వాటిని తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు. లాభనష్టాలు అల్లాహ్ చేతిలో ఉన్నాయని విశ్వసించేవారు ఒక మూగజీవిపై నింద మోపడం ఎలా తగును?

పక్షిశాస్త్రవేత్త సలీం అలీ (1896–1987) కూడా బాల్యంలో గాలితుపాకీతో ఒక పిచ్చుకను కొట్టినవారే. దాని గొంతుపై ఉన్న పసుపు మచ్చ ఆయనలో ప్రశ్న రేపింది. ఆ బాలుడే పెద్దవాడై 1931లో నిజాం రాజ్యమంతటా పక్షుల సర్వేకు పూనుకున్నారు. అప్పుడు మన సూర్యాపేట ప్రాంతం కూడా ఆ రాజ్యంలోనిదే.

మా విద్యార్థి రాయి కింద పడేశాడు. అక్కడే నిలబడి అతని తల్లి కోసం అందరమూ దుఆ చేశాము. తర్వాత రోజూ అతను దూరం నుంచే గుడ్లు లెక్కపెట్టేవాడు. కొన్నాళ్లకు అల్లాహ్ దయతో ఆమె ఇంటికి తిరిగి వచ్చారు. ఆ రోజులన్నింటిలోనూ తీతువు కూస్తూనే ఉంది.

మీ ఇంట్లో కూడా పిల్లలు ఆ కూతకు బెదిరితే తలుపులు మూయకండి. తెల్లవారాక చెరువుకు తీసుకువెళ్లి, అది ఎందుకు అరుస్తున్నదో చూపించండి.