రొట్టెలోకి చల్లని రొయ్యల పచ్చడి

పత్తికొండకు సముద్రం చాలా దూరం. అయినా సముద్రపు తిండి సంతకు వస్తుంది. ఎండు రొయ్యలు, ఎండు చేపలు. కోస్తా తీరంలో బెస్తవాళ్లు వాటిని ఎండబెడతారు. తడి ఆరిపోతే కుళ్లబెట్టే క్రిములు పెరగవు. అందుకే అంత దూరం వచ్చినా చెడిపోవు.

ఎండు రొయ్య చూడ్డానికి చిన్నదే. కానీ దాని బరువులో సగానికి పైగా మాంసకృత్తులే. ఇవి కండను పెంచుతాయి. ఎముకకు కావలసిన కాల్షియం కూడా బాగా ఉంటుంది.

కొనేటప్పుడు ముక్కుతో చూడాలి. ఘాటుగా, ముక్కు మండేలా వాసన వస్తే వద్దు. బూజు ఉంటే వద్దు. మెత్తగా, తడిగా తగిలితే వద్దు. చవగ్గా వస్తోందని తీసుకుంటే ఆస్పత్రి ఖర్చు అవుతుంది.

ఐదుగురికి రెండు గుప్పిళ్ల రొయ్యలు చాలు. తలలు, కాళ్లు తుంచేయాలి. నూనె లేకుండా పెనం మీద వేయించాలి. జల్లిస్తే ఇసుక పోతుంది. తర్వాత వేడినీళ్లలో రెండుసార్లు కడగాలి. ఇసుకతోపాటు ఉప్పు కూడా కొంత పోతుంది.

టమేటాలు నాలుగు. పత్తికొండలో టమేటాకు కరువేముంది? ధర పడిపోయిన రోజున రైతు రోడ్డు పక్కన పారబోసి పోవడం అందరూ చూసిందే. టమేటాలు, ఐదు పచ్చిమిరపకాయలు కొంచెం నూనెలో మగ్గించాలి. రొయ్యలు కూడా వేసి బాగా ఉడకనివ్వాలి. చల్లారాక గుప్పెడు వేయించిన బుడ్డలు, ఆరు తెల్లగడ్డ రెబ్బలు చేర్చి రోట్లో మెత్తగా నూరాలి. బూజు పట్టిన బుడ్డలు వేయకూడదు. వాటిలో విషం ఉంటుంది. వేయించినా పోదు. చివర్లో తరిగిన ఎర్రగడ్డ, కొత్తిమీర, అరచెక్క నిమ్మరసం కలపాలి.

ఉప్పు మాత్రం రుచి చూశాకే. రొయ్యలోనే ఉప్పుంది. మనిషికి రోజుకు అన్నీ కలిపి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు దాటకూడదు. బీపీ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త.

నిమ్మరసం రుచికే కాదు. జొన్నరొట్టెలోని ఇనుము ఒంటికి పట్టడానికి పనికొస్తుంది. రొట్టె తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు. గంట ఆగాలి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువని తేలింది. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినడం ఆడమనిషికి అలవాటు. ఈ పచ్చడిని ముందే వాటాలు వేయడం మంచిది. తల్లి వాటా కూడా.

రొయ్యలు కొందరికి పడవు. దద్దుర్లు వస్తే మళ్లీ తినకూడదు. ఊపిరి ఆడకపోతే వెంటనే ఆస్పత్రికి పోవాలి.

ఎండాకాలంలో చల్లగా తింటే బాగుంటుంది. తడి ఇసుకలో కుండ పెట్టి, లోపల మూతగిన్నెలో పచ్చడి ఉంచాలి. కుండ మీది తడి ఆవిరవుతూ లోపలి వేడిని లాగుతుంది. గాలి పొడిగా ఉండే పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరుల్లో ఇది బాగా పనిచేస్తుంది. అయినా కుండ ఫ్రిజ్ కాదు. చేసిన పూటే తినేయాలి. ఫ్రిజ్‌లో అయితే రెండు రోజులు.

గుంటూరు వైపు మిరపకాయల కోతకు వలస పోయేవాళ్లు తడి లేకుండా చేసుకోవచ్చు. కడిగిన రొయ్యలను ఎండలో బాగా ఆరబెట్టి, మళ్లీ కరకరలాడేలా వేయించాలి. వేయించిన బుడ్డలు, ఎండుమిరపకాయలతో కలిపి పొడి కొట్టాలి. గట్టి మూత డబ్బాలో పోసుకోవాలి. తడి చెంచా పెట్టకూడదు. తినే పూటకు టమేటా, నిమ్మరసం కలుపుకుంటే సరి.