అడుగుల లెక్క, ఆస్పత్రి లెక్క

అమెరికా వచ్చిన అమ్మానాన్నలకి మనలో చాలామంది ముందుగా కొనిపెట్టేది అడుగులు లెక్కపెట్టే వాచీ. ఊళ్ళో పాలపాకెట్టుకీ, కూరలకీ తిరిగిన కాళ్ళు ఇక్కడ కారెక్కందే ఎక్కడికీ వెళ్ళలేవు. పైగా చాలా విజిటర్ ఇన్సూరెన్సు పాలసీలు పాత జబ్బుల్ని పక్కన పెట్టేస్తాయి. అందుకే నడిస్తే ఆస్పత్రి ఖర్చు తప్పుతుందని మన ఆశ.

ముందు వాచీ సంగతి చూద్దాం. అందులోని యాక్సిలరోమీటర్ కొలిచేది మణికట్టు కదలికని, అడుగుని కాదు. ఆ కదలికలో లయ దొరికితేనే ప్రోగ్రాం దాన్ని అడుగు కింద లెక్కేస్తుంది. మా నాన్నగారు మనవరాలిని స్ట్రోలర్‌లో కూర్చోబెట్టి వీధంతా తిప్పినా అంకె పెద్దగా పెరగదు, చెయ్యి ఊగదు కాబట్టి. మెల్లిగా నడిచేవాళ్ళకీ ఇదే ఇబ్బంది. ఇక 10,000 అడుగుల లక్ష్యం 1965లో జపాన్‌లో అమ్మిన ఒక పెడోమీటరు పేరులోంచి వచ్చింది. దాని పేరుకి అర్థమే "పదివేల అడుగుల మీటరు"!

మరి ఆస్పత్రి మాట? ఎక్కువ కదిలేవాళ్ళు ఆస్పత్రికి తక్కువ వెళ్తారని చెప్పే లెక్కలు ఉన్నాయి. కానీ ఒంట్లో బాగున్నవాళ్ళే కదా ఎక్కువ నడిచేది! ఏది కారణమో, ఏది ఫలితమో తేలాలంటే మన భాషలో ఎ/బి టెస్టు చెయ్యాలి.

అమెరికాలో "లైఫ్" అనే అధ్యయనం అదే చేసింది. వ్యాయామం అలవాటు లేని, 70 నుంచి 89 ఏళ్ళ మధ్య వయసున్న 1,635 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుచేత నడక, కాళ్ళకి బలమిచ్చే వ్యాయామాలు, తూలకుండా నిలబడే సాధన చేయించారు. రెండో జట్టుకి ఆరోగ్య పాఠాలు చెప్పారు. ఫలితాలు 2014లో వచ్చాయి. సగటున 2.6 ఏళ్ళలో 400 మీటర్లు నడవలేని స్థితికి చేరినవాళ్ళు మొదటి జట్టులో 30.1 శాతం, రెండో జట్టులో 35.5 శాతం. ఆస్పత్రిలో చేరడం మాత్రం తగ్గలేదు.

అంటే నడక ఇన్సూరెన్సుకి బదులు కాదు. మంచి పాలసీ తీసుకోవాల్సిందే. నడక ఇచ్చేది ఇంకొకటి: ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరగగలగడం. పెద్దవాళ్ళకి అంతకంటే కావలసిందేముంది?

అందుకని నా సలహా ఇది. మీ దగ్గరి స్కూలు ట్రాక్ ఒక చుట్టు సాధారణంగా 400 మీటర్లు. ఆ అధ్యయనంలో కూర్చోకుండా, మనిషి సాయం లేకుండా 15 నిమిషాల్లో ఆ దూరం నడవాలి. గుండె, కీళ్ళ బాధలున్నవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి. నెలకోసారి నడిపించి, పట్టిన సమయం రాసిపెట్టండి. అది పెరుగుతూ పోతుంటే డాక్టరుకి చూపించాల్సిన డేటా అదే.