సుగ్గి నెలల్లో పాస్టరు జీతం

సంక్రాంతి దాటిందంటే ఎమ్మిగనూరు, ఆదోని, కోసిగి పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. జనం మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోతారు. ఆ ఆదివారాల్లో చర్చిలో కూర్చునేది ఎక్కువగా ముసలివాళ్లే. కానుకల సంచి వరుసలన్నీ తిరిగొచ్చినా అడుగున చిల్లరే గలగలమంటుంది. పాస్టరు ఇంటి అద్దె మాత్రం సుగ్గికి పోదు కదా!

దేవుని పనికి జీతమేమిటని అడిగేవాళ్లున్నారు. కళ్లంలో తిరిగే ఎద్దు మూతికి చిక్కం కట్టొద్దన్న మోషే ధర్మశాస్త్రపు మాటను పౌలు సేవకులకు వర్తింపజేశాడు. సువార్త చెప్పేవాడు దానిమీదే బతకాలన్నాడు. తను మాత్రం కొరింథులో గుడారాలు కుట్టి పొట్టపోసుకున్నాడు. మగ్గాల ఊరైన ఎమ్మిగనూరుకు ఆ కష్టం విడమరచి చెప్పక్కర్లేదు. కానీ జీతం వద్దన్నది పౌలు. ఎగ్గొట్టమని సంఘానికి చెప్పలేదు.

తెలుగునాట రెండు దారులూ నడిచాయి. సువార్తికుడు భక్తసింగ్ మొదలుపెట్టిన సహవాసాల్లో సేవకుడికి నెల జీతం ఉండదు, అవసరం దేవుడికే చెప్పుకోవాలి. 1947లో ఏర్పడ్డ చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్‌ఐ)లో సంఘాలు తమ వంతు డయోసిస్‌కు కడితే, అక్కణ్నుంచి పాస్టర్లకు జీతం వస్తుంది. పల్లె ఖాళీ అయిన నెలలో పట్నం చర్చి సొమ్ము అక్కరకొస్తుంది. కరువు సీమకు ఈ పద్ధతే మేలని నా లెక్క.

ఏ డయోసిస్‌కూ చెందని స్వతంత్ర సంఘాల్లో సంచీ పాస్టరుదే, లెక్కా పాస్టరుదే. ఒకచోట పస్తులు, మరోచోట కారు. రెండూ లెక్క లేకపోవడం వల్లే. రాష్ట్ర ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం పెట్టింది. విడుదలైతే చేతికొస్తుంది, లేదంటే బకాయి. అది సంఘం ఇచ్చే జీతానికి బదులు కాదు.

ఇంతకీ పిడికెడు బియ్యం సంగతి మరిచాం. పొయ్యిమీద ఎసరు కాగుతుంటే ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది, ఆదివారం చర్చికి తెస్తుంది. వాటిని కొలిచి, చర్చి ఊడ్చి, ఆడవాళ్ల కూటం నడిపేది పాస్టరమ్మ. ఆమె పేరు ఏ జీతాల పుస్తకంలోనూ కనిపించదు.

ఈ ఏడు సుగ్గి బండి ఎక్కేముందే సంఘ పెద్దలారా, ఒక పూట కూర్చోండి. పాస్టరుకు నెలకెంతో పుస్తకంలో రాయండి. ఆ కింది గీతలో పాస్టరమ్మకెంతో కూడా రాయండి.