క్యూలో పది పాటలు... 310 ఏళ్ళు!

హైదరాబాద్‌లోని చర్లపల్లి స్టేషన్. రైలు రావడానికి ఇంకా ముప్పావు గంట ఉంది. ఫోన్‌లో బ్రౌజర్ తెరిచారు, మ్యూజిక్ ప్లేయర్ పెట్టారు, పది పాటలు క్యూలో వేశారు. పాటలు వినండి, వద్దనం. ఒక్క చెవి మాత్రం ఇటు ఇవ్వండి. ఆ పది పాటల వరసలో ఎన్ని వింతలున్నాయో వింటే రైలొచ్చిన సంగతి కూడా మరిచిపోతారు!

మీకు తెలుసా? మీరు కూర్చున్న టెర్మినల్, మీ చేతిలో ఉన్న ప్లేయర్ చేసేది ఒకటే పని! సుమారు 413 కోట్ల రూపాయలతో కట్టిన ఈ టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. స్టేషన్లలో ఒక బండిని లూప్ లైనులో ఆపి, వెనకాల వచ్చే సూపర్‌ఫాస్ట్‌కి దారి ఇవ్వడం చూసే ఉంటారు. మీరు 'ప్లే నెక్స్ట్' నొక్కగానే ప్లేయర్ చేసేదీ అదే. తేడా ఒక్కటే, ఆగిపోయిన పాటలో ప్రయాణికులు విసుక్కోరు!

మీకు తెలుసా? 'క్యూ' అంటే ఫ్రెంచి భాషలో తోక! ఇంగ్లిషులో ఆ మాటకు ఐదు అక్షరాలు. చివరి నాలుగూ కత్తిరించినా పలుకు మారదు. తోక కోసినా తోకే!

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. భయపడకండి, గుణకారాలు మేం చేసి పెట్టాం.

మీకు తెలుసా? నాలుగున్నర నిమిషాల పాటలు పది తీసుకోండి. వాటిని ఎన్ని రకాల వరసల్లో పేర్చవచ్చు? 36,28,800 రకాలుగా! ఒక్కో వరస పూర్తిగా వినడానికి 45 నిమిషాలు. తిండీ నిద్రా లేకుండా అన్నీ వినాలంటే 310 ఏళ్ళు. హైదరాబాద్‌లో అసఫ్‌జాహీల పాలన మొదలైన 1724లో ప్లే నొక్కి ఉంటే, ఆఖరి వరస ముగిసేది 2034లో. నిజాములందరూ వచ్చి వెళ్ళిపోయినా పాట మాత్రం ఆగదు!

మీకు తెలుసా? క్యాసెట్ల కాలంలో రికార్డింగ్ షాపుకు చీటీ రాసిచ్చి పాటలు ఎక్కించుకునేవాళ్ళం. అరవై నిమిషాల క్యాసెట్టులో పక్కకు ముప్పై నిమిషాలు. నాలుగున్నర నిమిషాల పాటలైతే పక్కకు ఆరు, మొత్తం పన్నెండు. వాటికి 47,90,01,600 వరసలు. బ్రౌజర్‌లో చోటుకు కొదవ లేదు కదా, పదమూడో పాట కూడా కలపండి. లెక్క ఒక్కసారిగా 622 కోట్లు దాటుతుంది! ఒక్క పాటకే ఇంత గంతు!

సరే, ఇరవై పాటలు వేస్తే? ఊపిరి బిగపట్టండి. 24 వేల కోట్ల కోట్ల వరసలు. విశ్వం పుట్టి సుమారు 1,380 కోట్ల ఏళ్ళు. ఆ తొలి క్షణం నుంచి సెకనుకో వరస చొప్పున లెక్కపెడుతూ వచ్చినా ఈనాటికి అయిదో వంతు కూడా పూర్తవదు. ఇరవై పాటలకే ఇలాగైతే, రెండు వందల పాటలున్నవారి ఫోన్ సంగతి అడగకండి!

మీకు తెలుసా? ఇన్ని వరసల్లోంచి పక్షపాతం లేకుండా ఒకదాన్ని తీసిచ్చే 'షఫుల్' బొత్తానికి మూలం ఒక కాగితం పద్ధతి. కంప్యూటర్లు ఇళ్ళకు రాకముందే, 1938లో, రొనాల్డ్ ఫిషర్, ఫ్రాంక్ యేట్స్ అనే ఇద్దరు గణాంక శాస్త్రజ్ఞులు దాన్ని తమ పట్టికల పుస్తకంలో అచ్చు వేశారు. 1964లో రిచర్డ్ డర్‌స్టెన్‌ఫెల్డ్ దాన్ని కంప్యూటర్‌కు తగ్గట్టు మలిచాడు. పాటలు కలపాలని వాళ్ళెవరూ కలలో కూడా అనుకోలేదు!

అసలు ముచ్చట ఇప్పుడు మొదలు. ఆ ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేట్ అందుకున్న శిష్యుడు ఎవరో మీకు తెలుసా? మన తెలుగువాడు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు! సి.ఆర్.రావు అంటే ప్రపంచమంతా గుర్తుపడుతుంది. ఇంట్లో ఎనిమిదో సంతానం. దేవకికి ఎనిమిదోవాడు కృష్ణుడు కాబట్టి ఈయనకూ ఆ పేరే పెట్టారు. లెక్క అక్కడే మొదలైంది!

ఇంకా ఉంది, వెళ్ళిపోకండి. గురువుగారి పద్ధతి వచ్చిన 23 ఏళ్ళకు, 1961లో, శిష్యుడు కూడా 'సంఖ్య' పత్రికలో తనదైన షఫుల్ పద్ధతి ప్రకటించారు! అది మన పాటలకు పెట్టి చూడండి. ఒక్కో పాటకు 0 నుంచి 9 లోపు లాటరీలో ఒక అంకె తీయాలి. ఒకే అంకె వచ్చినవాటిని ఒక కుప్ప పోయాలి. ఆ కుప్పలో మళ్ళీ లాటరీ, మళ్ళీ కుప్పలు, అన్నీ విడివిడిగా ఒంటరి అయ్యేదాకా. అంతే! ఈ పద్ధతికి నేటికీ ఆయన పేరుంది. హైదరాబాద్‌లో ఒక రోడ్డుకూ ఆయన పేరుంది. గణాంక శాస్త్రంలో నోబెల్‌తో పోల్చే అంతర్జాతీయ బహుమతి 2023లో, ఆయనకు 102 ఏళ్ళప్పుడు వచ్చింది. నూట రెండు! అందుకే ఈసారి షఫుల్ నొక్కేటప్పుడు ఆ పెద్దాయనకు ఒక దండం పెట్టండి.

మీకు తెలుసా? షఫుల్ కొట్టాక కనీసం ఒక్క పాటైనా తన పాత స్థానంలోనే కూర్చునే అవకాశం నూటికి 63. పది పాటలున్నా 63, పదివేలున్నా 63! కదలమన్నా కదలని మొండి పాట ఒకటి తరచూ ఉంటుందన్నమాట.

మీకు తెలుసా? నిజమైన షఫుల్ జనానికి నచ్చలేదు! ఒకే గాయకుడి పాటలు వెంటవెంటనే వస్తే "ఇది షఫుల్ కాదు, మోసం" అన్నారు. దాంతో 2005లో యాపిల్ సంస్థ షఫుల్‌ను కావాలనే కాస్త తగ్గించుకునే వీలు ఇచ్చింది. కలపడం తగ్గిస్తేనే బాగా కలిపినట్టు అనిపించిందట!

మీకు తెలుసా? చర్లపల్లికి కూతవేటు దూరంలోని ఇ.సి.ఐ.ఎల్. 1967లో పుట్టింది. 1969 నాటి టి.డి.సి.-12 అనే కంప్యూటర్ తయారీలో దానికి భాగముంది. ఆ కంప్యూటర్ మూల మెమరీ 4కె, అంటే పన్నెండేసి బిట్ల గళ్ళు 4,096. అందులో ఈనాటి మామూలు ఎం.పి.3 పాట ఎంత పడుతుంది? అర సెకను కూడా పట్టదు! గాయని 'ఆ' అని నోరు తెరిచేలోపు కంప్యూటర్ నిండిపోతుంది. అయినా ఆ రోజుల్లోనే కంప్యూటర్ తయారీలో చేయి వేసిన ఊరు మనది. ఇది చెప్పుకోవడానికి గర్వంగా ఉంటుంది.

మీకు తెలుసా? ఎం.పి.3 అనే ఫైలు పేరు పుట్టినరోజు 1995 జులై 14. ఐదు నిమిషాల పాట అందులో 11 వేలకు పైగా ముక్కలై ఉంటుంది. ఒక్కో ముక్క సెకనులో ముప్పై ఎనిమిదో వంతు కూడా నిలవదు. ఇన్ని ముక్కలు కలిపి కుట్టినా ఒక్క కుట్టూ చెవికి తగలదు!

మీకు తెలుసా? డయలప్ మోడెం పూర్తి వేగంతో, సెకనుకు 56 వేల బిట్లతో పనిచేసినా ఆ ఐదు నిమిషాల పాట దిగడానికి 11 నిమిషాల పైన పట్టేది. అదీ ఇంటికి ఫోన్ రాకుంటేనే! ఇప్పుడు ఒక్క జీబీ డేటాతో అలాంటి పాటలు 208 వినొచ్చు.

మీకు తెలుసా? ఫోన్‌లో క్రికెట్ లైవ్ చూస్తున్నా మీరు చాలాసార్లు ఒక ప్లేలిస్టే నడుపుతున్నారు! వినాంప్ అనే ప్లేయర్ రోజుల్లో పాటల వరస రాసుకున్న ఎం3యు అనే చిన్న ఫైలుకు తమ్ముడు ఎం3యు8. లైవ్ వీడియోను చిన్న చిన్న తునకలు చేసి, ఏ తునక తర్వాత ఏదో ఆ ఫైలులో రాస్తారు. ఓవర్ తర్వాత ఓవర్, పాట తర్వాత పాటలాగే!

ఆ పేరు చివరి 8 దేనికంటారా? మన తెలుగు కూడా రాసుకోగల యు.టి.ఎఫ్.-8 లిపి సంకేతం కోసం. అందులో 'చర్లపల్లి' అని రాస్తే కంటికి నాలుగే అక్షరాలు, కంప్యూటర్‌కు 27 బైట్లు. ఇంగ్లిషు స్పెల్లింగు పదకొండు అక్షరాలకు 11 బైట్లే. వత్తులకూ గుడులకూ చోటు ఇవ్వాలి మరి!

మీకు తెలుసా? 2018 ఏప్రిల్ నుంచి క్రోమ్ బ్రౌజర్‌లో కొత్త సైటు తెరవగానే పాట దానంతటది మోగదు. మీరు ఒకసారి నొక్కాలి. పండక్కి వచ్చిన కొత్తల్లుడిలా, బతిమాలితే గానీ పాడదు!

మౌస్ ముట్టుకోకుండా యూట్యూబ్ నడిపే కిటుకు తెలుసా? కీబోర్డులో 'జె' పది సెకన్లు వెనక్కి, 'ఎల్' పది ముందుకి, మధ్యనున్న 'కె' ఆపడానికి. షిఫ్ట్ పట్టుకుని 'ఎన్' కొడితే క్యూలో తర్వాతది. ఇక వేళ్ళే డి.జె.లు!

మీకు తెలుసా? ఇవేవీ లేని రోజుల్లోనూ క్యూ ఉండేది, పోస్టుకార్డుల మీద! 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలైంది. అంతకుముందే సిలోన్ రేడియో సినిమా పాటలు వినిపిస్తోంది. అక్కడ మీనాక్షి పొన్నుదురై తెలుగులో పలకరిస్తూ పాటలు వేస్తుంటే ఇళ్ళల్లో పనులు ఆగిపోయేవి. కోరిన పాట ఎప్పుడొస్తుందో తెలియదు, 'ప్లే నెక్స్ట్' లేదు. పాటకన్నా ముందు మన పేరు రేడియోలో వినపడితే చాలు, వీధంతా పండగ!

మీకు తెలుసా? పక్కనే నాచారంలో స్టూడియో నెలకొల్పిన ఎన్టీఆర్, 1977 సంక్రాంతికి వచ్చిన 'దాన వీర శూర కర్ణ'లో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ తానే వేసి, దర్శకత్వమూ తానే చేశారు. 'రిపీట్' బొత్తాం మూడుసార్లు నొక్కినట్టే, కానీ మూడుసార్లూ కొత్త మనిషి!

ఆఖరుది, అన్నిటికన్నా పెద్దది. పి.సుశీలగారి పాటలన్నీ ఒకే క్యూలో వేయగలరా? ఆరుకు పైగా భారతీయ భాషల్లో ఆమె పాడిన 17,695 పాటలను గిన్నిస్ 2016లో నమోదు చేసింది. స్పాటిఫై ప్లేలిస్టుకు పదివేలే పరిమితి, కాబట్టి అక్కడ రెండు కావాలి. యూట్యూబ్‌లో ఐదువేలే, అక్కడ నాలుగు కావాలి. పాటకు నాలుగు నిమిషాలు వేసుకున్నా ఆపకుండా 49 రోజుల 3 గంటల 40 నిమిషాలు. అదిగో, మీ రైలొచ్చింది. ఎక్కండి, మొదటి పాటే ఇంకా అవ్వలేదు!