రాజు కనబడని నగరాలు

ఈజిప్టును ఏలినవారెవరని అడిగితే ఉన్నత పాఠశాల విద్యార్థి తడుముకోకుండా ఫారోలని చెబుతాడు. బాబిలోనియా మాట వస్తే హమ్మురాబి పేరు అతని నాలుక చివరనే ఉంటుంది. మొహెంజొదారోకు రాజెవరని ఆ బాలుడే ఎదురు ప్రశ్న వేస్తే మాత్రం ఉపాధ్యాయుడు ఒక క్షణం ఆగవలసి వస్తుంది. అది ఆయన చదువులోని లోపం కాదు. ఆ పేరు లోకంలో ఎవరికీ తెలియదు. అసలు అక్కడ రాజంటూ ఒకడున్నాడో లేడో కూడ ఇంతవరకు తేలలేదు.

నదీలోయ నాగరికతల లక్షణాలు చెప్పే పాఠం ఇంచుమించు అన్ని పుస్తకాలలోను ఒకే తీరున నడుస్తుంది. వరద తెచ్చిన ఒండ్రుమట్టి, దానివల్ల మిగులు పంట, ఆ మిగులు మీద బ్రతికే చేతిపనివారు, వర్తకులు, పురోహితులు; ఆపైన నగరం, లిపి, పన్నులు, బ్రహ్మాండమైన కట్టడాలు, అన్నిటికీ మీద ప్రభుత్వం. ఈ వరుసకు చాలవరకు ఆధారం గార్డన్ చైల్డ్ అనే పురావస్తు పండితుడు 1950లో ప్రకటించిన వ్యాసం. ప్రథమ నగరాలను గుర్తించడానికి అందులో ఆయన పది లక్షణాలు చెప్పారు. ఆ కొలబద్ద నైలు, యూఫ్రటీసు తీరాలకు చక్కగా అమరుతుంది. సింధు తీరానికి వచ్చేసరికి అంత సులభంగా లొంగదు.

నైలు నది సాధువు. ఏటా వేసవిలో పొంగి, పొలాలపై మట్టి పరచి, విత్తనాల వేళకు వెనుకకు తగ్గేది. ఆ నది పెట్టిన మిగులు కూడు తిని పనివారు 146 మీటర్ల ఎత్తున ఖూఫూ పిరమిడ్‌ను నిలిపారు. టైగ్రిసు, యూఫ్రటీసుల స్వభావం వేరు. పంట చేతికి రాబోయే వసంతంలో అవి పొంగేవి. కాలువలు, కట్టలు లేనిదే అక్కడ సేద్యం సాగదు. ధాన్యం ఎంత వచ్చినదీ, ఎవరికెంత కొలిచినదీ గుర్తుంచుకోవడానికి ఉరుక్ నగరంలో క్రీ.పూ. నాలుగవ సహస్రాబ్ది చివర మట్టిపలకల మీద గుర్తులు గీశారు. అక్కడ లిపి పుట్టినది కావ్యం కోసం కాదు, పద్దుల కోసం. సాహిత్యాభిమానులకు ఈ మాట కొంచెం కష్టంగానే తోచవచ్చును.

ఇక సింధు లోయ. 19వ శతాబ్దిలో లాహోరు–ముల్తాను రైలుమార్గం వేసినవారు హరప్పా దిబ్బలనుండి ఇటుకలు తవ్వి సుమారు వంద మైళ్ల దారికి కంకరగా పరిచారు. నాలుగు వేల యేండ్లనాటి నగరం మీద బండ్లు పరుగెత్తుతున్నాయని అప్పుడెవరికీ తెలియదు. 1921లో దయారాం సాహ్ని హరప్పాలోను, మరుసటి సంవత్సరం రాఖాల్‌దాస్ బెనర్జీ మొహెంజొదారోలోను త్రవ్వకాలు ప్రారంభించారు. 1924లో సర్ జాన్ మార్షల్ ఆ సంగతి లోకానికి వెల్లడించారు.

బయటపడినదేమిటి? ఒకే నిష్పత్తి ఇటుకలు: మందం ఒకటైతే వెడల్పు రెండు, పొడవు నాలుగు. వీధుల వెంట కప్పువేసిన మురుగుకాలువలు. ఇళ్లలో స్నానపు గదులు. మొహెంజొదారోలో ఏడువందల బావులకు తక్కువ ఉండి ఉండవని ఒక అంచనా. పన్నెండు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు గల స్నానవాటికకు నీరు ఊరకుండ కీలు పూశారు. పడికట్టు రాళ్లు మరీ ఆశ్చర్యం. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అని రెట్టింపవుతూ పోయే ఆ రాతిఘనాలు గుజరాతులోని లోథాల్‌లోను, పంజాబులోని హరప్పాలోను ఒకే తూకానికి వస్తాయి.

బయటపడనిది చెప్పుకోవడం అంతకంటె ముఖ్యం. రాజభవనమని ఖాయంగా చెప్పదగిన కట్టడం దొరకలేదు. ధనరాసులతో పూడ్చిన రాజసమాధి లేదు. శత్రువుల తల నరికే విజేత బొమ్మ ఒక్కటైనా లేదు. దొరికినది పదిహేడున్నర సెంటీమీటర్ల మెత్తరాతి విగ్రహం ఒకటి. దానికి ‘పూజారి రాజు’ అని పేరు పెట్టారు. అతడు పూజారి అనడానికి గాని, రాజు అనడానికి గాని నిదర్శనం ఏదీ లేదు. మార్టిమర్ వీలర్ 1950లో ధాన్యాగారమని పిలిచిన కట్టడంలో ధాన్యపు గింజ కనబడలేదు. మెసొపొటేమియాలో ఉన్నవి కనుక ఇక్కడా ఉండితీరాలన్న నమ్మకమే ఈ పేర్లకు కారణం కాబోలు.

అలాగని రాజు లేని సమతా రాజ్యమని వెంటనే పొంగిపోవడమూ తొందరపాటే. అన్ని వందల మైళ్ల మేర తూకాలు ఒకటిగా నిలవాలంటే నిలిపిన అధికారం ఏదో ఉండాలి. అది ఒకరి చేతిలో ఉన్నదా, వర్తక సంఘాల చేతిలో ఉన్నదా అన్నదే తెలియదు. ఈ నగరాలలో మిగులు సంపద పెద్ద పాలు బావులకు, కాలువలకు, ధోలావీరాలోని వంటి జలాశయాలకు పోయినదనడం వరకు మాత్రం నిశ్చయం. పాఠ్యగ్రంథాలు ఇంతమాత్రం చెప్పి ఊరుకుంటే చాలును.

నది ఉన్నచోటనల్లా నగరం పుట్టదన్న సంగతి తెలుగు విద్యార్థికి చూపడానికి దూరం పోనక్కరలేదు. ఇంచుమించు ఆ యుగంలోనే కృష్ణకు చేరువన పాలమూరు సీమలోని ఉట్నూరులో పశుపాలకులు మందలను దొడ్లలో కట్టుకొని, పేడకుప్పలను తగులబెడుతూ బ్రతికారు. ఆ బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ త్రవ్వి చూశారు. నదికి కొరత లేదు. మిగులును కూడబెట్టే ఏర్పాటే అక్కడ లేదు.

రాజుల విషయం చివరకు లిపి వద్ద ఆగుతుంది. చైనాలో షాంగ్ రాజుల పేర్లు తెలిసినవి ఎముకల మీది వ్రాతలు చదవగలిగినందువల్లనే. సింధు లిపిలో సుమారు నాలుగు వందల గుర్తులు ఉన్నాయి. వ్రాతలు వేలకొద్దీ దొరికినా సగటున ఒక్కొక్కటి ఐదు గుర్తులకు మించదు. ఐరావతం మహదేవన్ 1977లో వాటన్నిటికీ పట్టిక కూర్చారు. ఆ భాష ద్రావిడ కుటుంబానిదని ఆయన, ఫిన్లాండు పండితుడు పర్పోలా వాదించారు. అది నిజమైతే తెలుగుకు అది దూరపు చుట్టం. అందరూ అంగీకరించిన పఠనం మాత్రం ఇంకా రాలేదు.

అక్కదు రాజు సర్గాను తన రేవులో ‘మెలుహ్హా’ ఓడలు ఆగాయని చెప్పుకొన్నాడు. ఆ దేశం సింధు ప్రాంతమేనని పలువురి అభిప్రాయం. పారిసులోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఆ కాలపు ముద్రిక ఒకటి ఉన్నది. దానిమీద షూ-ఇలిషూ అన్న పేరు, ఆ పేరు క్రింద అతని వృత్తి చెక్కి ఉన్నాయి: మెలుహ్హా భాషకు దుబాసి. రెండు భాషలూ ఎరిగిన ఆ మనిషి రెండు లిపులలోను పక్కపక్కన వ్రాసిన పలక ఒక్కటి కూడ ఇంతవరకు దొరకలేదు.