పాత వాల్వు రేడియో



గత వేసవిలో పాతసామానుల యంగడి యొకదానిలో టేకుపెట్టెగల వాల్వు రేడియోను చూచి మోజుపడితిని. "పంతులుగారూ, ప్లగ్గు పెడతాను, ఇప్పుడే వినండి" అని అంగడివాడు తీగ యందుకొనెను. నేను చప్పున వారించితిని. అందులకు గల కారణమే నేటి ప్రసంగము.

వాల్వనగా గాలి తీసివేసిన గాజుబుడ్డి. అందలి కాథోడు వేడెక్కగా ఎలక్ట్రానులు వెడలి ఆనోడును చేరును. 1904లో ఫ్లెమింగు ఈ రెంటితోనే వాల్వును నిర్మించెను. 1906లో డీ ఫారెస్టు నడుమ గ్రిడ్డను తీగ నుంచెను. కాలువకు తూమెట్టిదో ఆ ప్రవాహమునకు గ్రిడ్డట్టిది.

సెట్టు మూగవోయిన వెంటనే లోకులు వాల్వును నిందింతురు. తఱచుగా నది నిరపరాధి. ముందుగా ముసలిదగునది కండెన్సరు. ఎలక్ట్రోలిటిక్ కండెన్సరునందు అల్యూమినియము రేకుపై పలుచని ఆక్సైడు పొర యుండును. చిరకాలము వాడనిచో నది క్షీణించును. అట్టిదానికి ఒక్కపెట్టున 230 వోల్టుల కరెంటిచ్చినచో, అది తాను చెడుటయే గాక రెక్టిఫయరు వాల్వును, ట్రాన్స్‌ఫార్మరును గూడ చెఱుపవచ్చును. కావున నేను 60 వాట్ల తీగబల్బును సెట్టుతో వరుసగా కలిపి కరెంటిచ్చితిని. బల్బు మొదట ప్రకాశించి పిదప మందగించెను. తగ్గక వెలుగుచునే యున్నచో లోపల షార్టున్నదని యెఱుగవలయును.

బల్బు తొలగించిన పిమ్మట వేఱొక చిక్కు. ఇఎల్ 84 వాల్వు ఆనోడు ఎఱ్ఱబాఱుచుండెను. మీటరుతో చూడగా, సున్న యుండవలసిన గ్రిడ్డుపై 4 వోల్టులు! ముందున్న కాగితపు కండెన్సరు కారుచున్నదన్నమాట. దాని స్థానమున 630 వోల్టుల క్రొత్తది మాటు పెట్టగా దోషము పోయెను. మాటు పెట్టుటకు ముందు ప్లగ్గు తీసి, పెద్ద కండెన్సరులలో నిలిచిన విద్యుత్తును రెసిస్టరు ద్వారా ఖాళీచేయుట మఱువరాదు.

అంతకంటె నందమైన సెట్టా యంగడిలోనే యుండెను. వెనుకతట్టు చూడగా యుసిహెచ్ 81, యుఎల్ 84 వాల్వులు. ఆ తెగ సెట్లలో పెక్కింటికి మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరుండదు. ఇనుపచట్రము కరెంటుతీగకే తగిలియుండును. ప్లగ్గు తిరుగబడినచో చట్రమంతయు 230 వోల్టులే. యౌవనమున నట్టి సెట్టు మీట విఱిగి, లోని మరను తాకితిని. సాయంకాలము దాక చేయి స్వాధీనములో లేదు. ఇంట మనుమలున్నారు, దానిని విడిచితిని.

నాటి రాత్రి మీట త్రిప్పి అరనిమిషము వేచియుంటిని. పగలు వినరాని దూరపు మధ్యతరంగ కేంద్రము, నే నెఱుగని భాషలో పాట. ధ్వని మీట మాత్ర మింకను గరగరలాడుచున్నది. ఆదివారము దాని పని పట్టవలయును.